షాబాదు బండ మీద గవ్వలు

దీపావళి అయిన రెండో నాడు రాత్రి నారాయణగూడలో సదర్ జరుగుతుంది. మన నగరంలోని యాదవులు దున్నలను కడిగి, ఒళ్ళంతా నూనె పట్టించి, కొమ్ములకు రంగులేసి, డప్పుల మధ్య నడిపించుకొస్తారు. ఈమధ్య హర్యానా నుంచి కూడా పేరుమోసిన దున్నలు వస్తున్నాయి. జనం ఫోన్లెత్తి వీడియోలు తీసుకోవడానికి ఎగబడతారు. నా చూపు మాత్రం ఎప్పుడూ దున్న మెడ దగ్గరే ఆగిపోతుంది. అక్కడ నల్లని తాడుకు వరసగా కుట్టిన గవ్వలు ఉంటాయి. నూనెతో నిగనిగలాడే ఆ నలుపు మీద ఆ తెలుపు ఎంత అందంగా ఉంటుందో దగ్గరగా చూసినవాళ్ళకే తెలుస్తుంది.

హైదరాబాదు నుంచి సముద్రానికి 300 కిలోమీటర్ల పైమాటే. మా చిన్నప్పుడు మా గల్లీలో సముద్రం చూసినవాళ్ళు అరుదు. అయినా గవ్వ లేని ఇల్లు నాకు గుర్తు లేదు.

మా ఇల్లు కాచిగూడలో. పెద్ద రోడ్డు నుంచి వంపు తిరిగి లోపలికి వెళ్ళే గల్లీ, దాని చివర పాల దొడ్డి. ఇంట్లో ఈ కొస నుంచి ఆ కొస దాకా షాబాదు బండలు. ఎండాకాలం మధ్యాహ్నాలు వాటి మీద నీళ్ళు చల్లి, గుడ్డ పెట్టి తుడిచి, వట్టి నేల మీదే పడుకునేవాళ్ళం. తలుపు పక్కన ఉన్న ఒక బండ మీద మాత్రం ఎవరూ పడుకోరు. మేము పుట్టకముందే ఎవరో దాని మీద మేకుతో అష్టాచెమ్మా గళ్ళు గీశారు. అడ్డం ఐదు, నిలువు ఐదు. నాలుగు పక్కలా నడిమి గళ్ళకు, మధ్యలో గడికి ఇంటు గుర్తులు. గీతలు మాసిపోకుండా మా బాపమ్మ అప్పుడప్పుడు సుద్దముక్కతో దిద్దుతుండేది.

బాపమ్మ గవ్వలు ఇత్తడి డబ్బీలో ఉండేవి. పచ్చీసుకు ఏడు. అష్టాచెమ్మాకు వాటిలోంచి నాలుగు, ఎప్పుడూ అవే నాలుగు. మూడింటికి వీపు మధ్యలో ఎత్తుగా ఉండి, చుట్టూ బుడిపెలు తేలి, పసుపు కలిసిన తెలుపు. నాలుగోది నున్నగా, గుండ్రంగా, నీలం కలిసిన బూడిదరంగు వీపు. ఆ వీపు మీద సన్నని బంగారు రంగు గీత ఒక చుట్టు చుట్టి ఉండేది. దాన్ని బాపమ్మ ఉంగరం గవ్వ అనేది. ఏ గవ్వ ఎటు పడుతుందో ఆమెకు తెలుసు. బుడిపెల వాటిలో ఒకటి తొందరగా వెల్లకిలా పడదని, ఉంగరం గవ్వ రెండు దొర్లు దొర్లి గాని ఆగదని చెప్పేది. ఆట మొదట్లో వాటిని ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య తిప్పి చూసుకునేది. నోటి రెండంచుల వెంబడి సన్నని పళ్ళు ఉంటాయి కదా, వాటి మీద బొటనవేలు రాసేది.

"రెండు చేతులల్ల మంచిగ కలిపి ఇడువు బిడ్డా, ఇసిరికొట్టకు. దానికి దెబ్బ తాకుతది" అనేది మాతో.

నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. రెండింటికీ ఇంకో ఆట ఉంటుంది. చింతగింజలు, పగిలిన గాజు ముక్కలు, అగ్గిపుల్లలు మా కాయలు. అవతలివాళ్ళ కాయను ఒక్కసారన్నా చంపితే గాని లోపలి వరసకు దారి లేదు. బాపమ్మ మమ్మల్ని చిన్నపిల్లలని చూసి వదిలిపెట్టేది కాదు. పండబోయే కాయను సరిగ్గా ఒక గడి ముందు చంపి, పక్కన పెట్టి, "మల్ల మొదటికెల్లి రా" అనేది. మేము ఏడ్చినా అంతే. ఆమె దగ్గర ఆట అంటే నిజమైన ఆట. ఆ గౌరవం ఆమె మాకు ఇచ్చింది.

శివరాత్రి జాగారానికి ఏడు గవ్వలూ బయటికొచ్చేవి. పచ్చీసు గుడ్డ పరిచేవాళ్ళు. మా పక్కింటి ఖాలా ఆ రాత్రి ఇంటి పనంతా ముగించుకుని వచ్చి బాపమ్మ ఎదురుగా కూర్చునేది. ఒక్క గవ్వ వెల్లకిలా పడితే దస్, ఐదు పడితే పచ్చీస్, ఆరు పడితే తీస్. అంకెలు ఆమె ఉర్దూలో అరిస్తే బాపమ్మ కూడా అవే అరిచేది. తెల్లవారుజామున మేము గోడకు ఒరిగి కునుకు తీస్తుంటే, నిద్రలో ఆ గవ్వల చప్పుడు, ఆ "పచ్చీస్" కేక కలగలిసి వినబడేవి. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరిది ఉపవాసమో, ఎవరిది కాదో ఎవరూ పట్టించుకున్నట్టు నాకు గుర్తు లేదు.

గవ్వ ఆటకే కాదు. పసిపిల్లల మొలతాడుకు దిష్టి తగలకుండా కట్టేవాళ్ళు. బోనాలప్పుడు ఎల్లమ్మ పేరు మీద గవ్వల దండ వేసుకుని వచ్చే ఒక అవ్వ ఉండేది, నడుస్తుంటే దండ మొత్తం గలగలమనేది. మా బాపుతో బేగంబజార్ పోతే, దీపావళికి మార్వాడీ సేట్లు గల్లాపెట్టెలో పసుపు రాసిన గవ్వలు పెట్టుకోవడం చూసేదాన్ని. మా ఎదురు జాగాలో ఇల్లు కడుతున్నప్పుడు మాలు మోయడానికి వచ్చిన లంబాడా ఆడవాళ్ళ చుట్టకుదుళ్ళకు, సంచులకు అద్దాలతో పాటు గవ్వలుండేవి. నమాయిష్‌లోనైతే గవ్వలు అంటించిన అద్దాలు, పేర్లు రాసిన తాళపు గొలుసులు. అవి నాకు ఎప్పుడూ నచ్చలేదు. జిగురుతో అంటించిన గవ్వ చప్పుడు చేయదు.

గవ్వ లోపలి భాగాన్ని మొదటిసారి చూసింది పాల దొడ్డిలో. సదర్ దగ్గర పడుతుందంటే దొడ్డి తాత పాత పట్టెడలు విప్పి, ఊడిపోయిన గవ్వల చోట కొత్తవి కుట్టేవాడు. గవ్వను రాయి మీద బోర్లా పెట్టి, వీపు మీద చిన్న సుత్తెతో ఒకే ఒక దెబ్బ కొట్టేవాడు. గట్టిగా కొడితే గవ్వ ముక్కలవుతుంది, మెల్లగా కొడితే జారిపోతుంది. ఆయన దెబ్బకు వీపు చిప్ప ఒక్కటే ఊడి వచ్చేది. లోపల లేత ఊదారంగు. మధ్యలో మెలి తిరిగిన పలుచని గోడ ఒకటి. బయటి నుంచి చూస్తే గవ్వకు నత్త పోలిక ఎక్కడా కనబడదు. ఆ మెలిక చూస్తే గాని తెలియదు. తాత దబ్బనంతో ఆ గోడను తీసేసి, మైనం పట్టించిన దారాన్ని వీపు బొక్కలోంచి నోట్లోకి లాగి తాడుకు బిగించేవాడు.

"దీన్ల ఏముండె తాతా?"

"పురుగు ఉంటుండె బిడ్డా."

"యాడికి పోయింది మరి?"

"అది సచ్చినంకనే మనకాడికి వస్తది గదా."

ఆయన ఆ మాట అని ఇంకో గవ్వ అందుకున్నాడు. నేను మాత్రం ఆ రోజు నుంచి గవ్వను పట్టుకున్నప్పుడల్లా లోపల ఉండినదాని గురించి ఆలోచిస్తూనే ఉన్నాను. పెద్దయ్యాక దొరికిన పుస్తకమల్లా చదివింది అందుకే.

మన బుడిపెల గవ్వ శాస్త్రీయ నామం ఇప్పుడు మోనెటేరియా మోనెటా. 1758లో లిన్నేయస్ దానికి సైప్రియా మోనెటా అని పేరు పెట్టాడు. ఉంగరం గవ్వ దాని దగ్గరి చుట్టం, మోనెటేరియా యాన్యులస్. దానికి పేరు పెట్టింది కూడా అదే ఏడాది, అదే మనిషి. బాపమ్మ ఆ రెండింటినీ వేరు చేసి చూసింది, ఆయన కూడా వేరు చేశాడు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇవి ఆఫ్రికా తూర్పు తీరం నుంచి హిందూ మహాసముద్రం మీదుగా పసిఫిక్ దీవుల దాకా, లోతు లేని వెచ్చని నీళ్ళలో, పగడపు రాళ్ళ కింద బతుకుతాయి. పగలు దాక్కుని, రాత్రిళ్ళు బయటికి వచ్చి రాళ్ళ మీది నాచు తింటాయి. పిల్ల గవ్వ మనం చూసే గవ్వలా ఉండదు. గుల్ల పలుచగా, నోరు వెడల్పుగా, మామూలు నత్త పోలికలోనే ఉంటుంది. ఒక వయసు వచ్చాక నోటి అంచు లోపలికి ముడుచుకుంటుంది, పళ్ళు ఏర్పడతాయి. అక్కడితో పొడవు పెరగడం ఆగిపోతుంది. ఆ తర్వాత గోడ మందమవుతుందే తప్ప గవ్వ పెద్దది కాదు. చాలా సముద్రపు నత్తలకు నోటికి మూత ఉంటుంది, ఎదిగిన గవ్వకు ఉండదు. ఆ సన్నని పళ్ళ సందే దానికి తలుపు. గుడ్లు పెట్టిన తల్లి వాటి మీదే కూర్చుని కాపలా కాస్తుంది.

నన్ను అన్నిటికంటే కదిలించింది మెరుపు సంగతి. బతికి ఉన్న గవ్వకు మాంటిల్ అనే మెత్తటి పొర ఉంటుంది. అది రెండు పక్కల నుంచీ పైకి పాకి గుల్లను మొత్తం కప్పేస్తుంది. కప్పి ఊరుకోదు, గుల్ల బయటి వైపు కూడా పూత మీద పూత వేస్తూ ఉంటుంది. అందుకే గవ్వ అంత నున్నగా ఉంటుంది. మిగతా గుల్లలు అలల్లో, ఇసుకలో రాసుకుని గరుకెక్కిపోతాయి. గవ్వ వీపు మాత్రం, ప్రాణి బతికున్నన్నాళ్ళూ దాని ఒంటి కిందే ఉంటుంది. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చి ఎండకు ఎండిన గవ్వకు ఆ నిగారింపు పోతుంది. అంటే మనకు అంగట్లో తళతళలాడుతూ దొరికే గవ్వ చాలావరకు బతికుండగానే పట్టినదన్నమాట. దొడ్డి తాత మాటలో ఎంత నిజముందో అప్పుడు అర్థమైంది.

పట్టే పద్ధతి కూడా పాతదే. 1343లో మాల్దీవులకు వెళ్ళి అక్కడ ఖాజీగా పనిచేసిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా ఈ సంగతి రాశాడు. సముద్రంలోంచి ఏరిన గవ్వలను ఒడ్డున గుంటలు తవ్వి వేసేవాళ్ళు. లోపలి మాంసం కుళ్ళిపోయి తెల్లని గుల్ల మిగిలేది. కొబ్బరి మట్టలు నీళ్ళలో వేసి, వాటికి అంటుకున్న గవ్వలను దులపడం కూడా ఆ దీవుల్లో ఉండేది. ఓడల నిండా గవ్వలు బెంగాల్ పోయేవి, బదులుగా బియ్యం వచ్చేది. ఒక బంగారు దీనారుకు నాలుగు లక్షల గవ్వలట! గోల్కొండకు వజ్రాల కోసం వచ్చిపోయిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే 17వ శతాబ్దంలో గవ్వల ధర కూడా రాసిపెట్టాడు. సముద్రం దగ్గర పైసాకు 80 దాకా వస్తే, ఆగ్రా చేరేసరికి 50, 55 మాత్రమే వస్తాయని. సముద్రానికి దూరమైన కొద్దీ గవ్వకు విలువ పెరిగింది.

ఆ డబ్బు అందరికీ మంచే చేయలేదు. ఐరోపా వర్తకులు మాల్దీవుల గవ్వలను ఓడల్లో పశ్చిమ ఆఫ్రికాకు తీసుకుపోయి, వాటితో మనుషులను బానిసలుగా కొన్నారు. ఇక్కడ ఒడిశాలో, ఈస్టిండియా కంపెనీ గవ్వల చలామణీ తీసేసి శిస్తు వెండి రూపాయల్లో కట్టమంటే, గవ్వలు తప్ప ఇంకో డబ్బు ఎరగని రైతులు భూములు పోగొట్టుకున్నారు. 1817లో ఖుర్దాలో పైకులు, అంటే రాజు దగ్గర కొలువు చేసి బదులుగా భూములు అనుభవించిన సిపాయిలు, తిరగబడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. వేలెడు కూడా లేని ఒక ప్రాణి చుట్టూ ఇంత జరిగింది. మేము మాత్రం దాంతో చింతగింజలు జరుపుకున్నాం.

బతికున్న గవ్వను అండమాన్‌లో చూశాను, నీల్ దీవిలో. ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి పోయాక, అక్కడి కుర్రాడొకడు పగడపు రాళ్ళ మీద జాగ్రత్తగా నడిపిస్తూ ఒక రాయి అంచు కొంచెం ఎత్తాడు. మొదట ఏమీ కనబడలేదు. చారలు చారలుగా, నలుపూ పాలరంగూ కలిసిన చిన్న ముద్ద ఏదో రాతికి అంటుకుని ఉంది. దాని మీద సన్నని నూగులాంటివి కదులుతున్నాయి. కుర్రాడు పక్కన నీటిని వేలితో మెల్లగా కదిపాడు. ఆ ముద్ద నడిమిన చీలింది. రెండు పక్కలకూ పొర కిందికి జారుతూ పోయింది, మధ్యలోంచి పసుపు రంగు వీపు బయటపడింది. బుడిపెలతో సహా. బాపమ్మ డబ్బీలోదే!

నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. బాపమ్మకు ఇది చూపించి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. అది మళ్ళీ పొర కప్పుకునే దాకా అక్కడే ఉన్నాం. తర్వాత ఆ కుర్రాడు రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే దించాడు. రాయి తిరగేసి వదిలేస్తే కింద బతికేవన్నీ ఎండకు చస్తాయని చెప్పాడు. పదిహేడు, పద్దెనిమిదేళ్ళుంటాయేమో. ఎవరు నేర్పారో గాని బాగా నేర్పారు.

ఇంకో ముచ్చట చెప్పాలి. ఒక ఎండాకాలం మా చిన్నాయన కొడుకు గవ్వలు తెల్లగా చేద్దామని నిమ్మకాయ చెక్కతో రుద్దాడు. గవ్వలు బుసబుసా నురగ కక్కాయి. కడిగి చూస్తే రెండింటి వీపు సుద్దలా పేలవమై పోయింది. నిమ్మరసం చుక్కలు పడ్డ చోట బండ మీద కూడా తెల్లని మచ్చలు పడ్డాయి. బాపమ్మ ఎప్పుడూ లేంది వాడి మీద కోపం చేసింది. ఆ తర్వాత చాలాకాలం, సాయంత్రం తలకు నూనె రాసుకున్నాక అరచేతుల్లో మిగిలిన నూనెను ఆ రెండు గవ్వలకు రాస్తూ కూర్చునేది. కొంత మెరుపు వచ్చింది కూడా. గవ్వ, బండ రెండూ ఒకేలా ఎందుకు పాడయ్యాయో నాకు కాలేజీలో తెలిసింది. షాబాదు బండ సున్నపురాయి. గవ్వ ఉన్నదీ ఆ పదార్థంతోనే, కాల్షియం కార్బొనేట్. ఒకటేమో నత్త తన ఒంట్లోంచి కట్టుకున్నది, ఇంకొకటేమో అప్పటి నిజాం రాజ్యంలో, ఇప్పటి కలబురగి జిల్లాలో గనిలోంచి తీసి మా ఇంట్లో పరిచింది.

బాపమ్మ పోయింది. ఇల్లు అపార్ట్‌మెంటుకు ఇచ్చారు. కూలగొట్టే ముందు మా బాపు మేస్త్రీని బతిమాలి గళ్ళు గీసిన ఆ బండను గడ్డపారతో చుట్టూ వదులు చేయించి, ముక్కలు కాకుండా తీయించాడు. ఒక మూల విరిగింది అంతే. ఇప్పుడది మా ఫ్లాటు బాల్కనీలో ఉంది. గవ్వల డబ్బీ నా దగ్గరుంది. ఏడింటిలో ఆరు మిగిలాయి. ఏడోదాన్ని కొందామని గుల్జార్ హౌజ్ దగ్గర పూజ సామాన్ల దుకాణంలో అడిగితే పొట్లం నిండా పోసి చూపించారు. అన్నీ అద్దంలా మెరుస్తున్నాయి. నీల్ దీవిలో చూసింది కళ్ళ ముందు మెదిలి, కొనకుండా వచ్చేశాను. మీకు గవ్వలు కావాలంటే కొత్తవి కొనకండి, ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. ఏదో ఒక డబ్బీలో తప్పకుండా ఉంటాయి. గవ్వ చెడిపోయే వస్తువు కాదు, ఇంకో రెండు తరాలు ఆడుకోవచ్చు.

పోయిన శివరాత్రికి అందరం మా ఇంట్లో కూడుకున్నాం. మా తమ్ముడి బిడ్డకు తొమ్మిదేళ్ళు, ఆట బాగా పట్టుకుంది. వరసగా మూడు చెమ్మాలు వేసి బాల్కనీలో ఎగురుతుంటే, మూడోసారి పడితే లెక్క మొత్తం పోతుంది అన్నాను. మా బాపమ్మ ఇంట్లో అదే లెక్క. అది ఒప్పుకోలేదు. చివరికి హన్మకొండలో ఉన్న మా అత్తమ్మకు ఫోన్ చేశాం. బాపమ్మ బిడ్డల్లో ఇప్పుడున్నది ఆమె ఒక్కతే.

"మూడోది పడితే పోవుడేంది? ఎవరు చెప్పిన్రు మీకు? అమ్మ ఓడిపోయేటప్పుడల్ల అట్ల జెప్పేది. పిల్ల పన్నెండు పిల్లకియ్యి" అంది అత్తమ్మ. పిల్ల అప్పటికే కాయ జరిపేసింది.